ఉప్పుగాలి పట్టిన పియానో

"మీ బోధనా పద్ధతి గురించి నాలుగు పేజీలు రాసివ్వండి మాస్టారూ, కొత్తగా చేరిన సంగీతం టీచర్లకు ఉపయోగపడుతుంది" అని అడిగారు. అడిగిన టీచర్ల సంఘంవాళ్లు మంచివాళ్లే. క్రమశిక్షణ, సాధన, ఓర్పు అంటూ నేనేదో రాస్తానని, దాన్ని తమ సంచికలో నా ఫొటో పక్కన వేసుకోవచ్చని వాళ్ల ఆశ. ఫొటో వెంటనే ఇచ్చాను. రాయడానికి మాత్రం నెల పట్టింది. నా బోధనా పద్ధతి ఎలాంటిదో తేలిపోయిన రోజు ఒకటి నా ఉద్యోగంలో ఉంది. దాన్ని వదిలేసి మిగతాదంతా రాద్దామని చూశాను, కుదరలేదు. అందుకని అదొక్కటే రాస్తున్నాను. వేసుకుంటారో, చించి పారేస్తారో వాళ్ల ఇష్టం.

నేను పియానో వాయించేవాణ్ణి. ఈ మాట చెబితే మా జిల్లాలో ఇప్పటికీ "అంటే హార్మోనియమా?" అని అడుగుతారు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అవునని చెప్పడం అలవాటైంది. మద్రాసులో ఒక దొరసాని దగ్గర పన్నెండేళ్లు నేర్చుకున్నాను. ఇరవై మూడో ఏట మొదటి కచేరీ చేశాను. నల్ల కోటు వేసుకుని, విశాలమైన హాల్లో, దొరలూ దొరసానులూ నలుగురైదుగురు బారిస్టర్లూ కూర్చుని ఉంటే గంటన్నర వాయించాను. అచ్చువేసిన కాగితం మీద నా పేరు చూసుకుని ఆ కాగితాన్ని ఎన్నేళ్లు దాచుకున్నానో చెబితే నవ్వుతారు. ఏడెనిమిదేళ్లు అలాగే గడిచింది. నన్ను కచేరీ పియానిస్టు అనేవారు. నెల్లూరు వాడొకడు ఆ మాట అనిపించుకోవడం నాకు తలకెక్కింది.

స్వరాజ్యం వచ్చింది, దొరలు ఓడలెక్కారు. వాళ్లతోపాటే నా శ్రోతలు కూడా వెళ్లిపోయారు. హాళ్లలో సభలు పెట్టుకోసాగారు, పియానోలను మూలకు నెట్టి వాటిమీద పూలదండలు పెట్టారు. కోడంబాకం నుంచి రెండుసార్లు కబురు వచ్చింది, సినిమా పాటల్లో వాయించడానికి రమ్మని. పాటకూ పాటకూ మధ్య నాలుగు మోతలు మోగించడానికా నేను పుట్టింది అన్నాను. నాకన్నా తక్కువ వాయించేవాళ్లు వెళ్లారు, మేడలు కట్టారు. నేను పందొమ్మిది వందల యాభైల చివర్లో మా జిల్లాలోనే, కోట అనే ఊరికి అవతల, సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఒక మిషన్ ఆడపిల్లల స్కూల్లో సంగీతం మాస్టారుగా చేరాను. ఇక్కడ చేరినట్టు మద్రాసులో ఎవరికీ చెప్పలేదు.

ఆ స్కూల్లో ఒక పియానో ఉండేది. స్వదేశం వెళ్లిపోతూ ఒక మిషనరీ అమ్మగారు దాన్ని వదిలేసి వెళ్లింది. వదిలేసింది అనడమే సరైన మాట, ఇచ్చింది అనలేం. బీరువా అంత పెట్టె. సరుగుడు తోపుల మీదుగా వచ్చే గాలికి ఎదురుగా రెండు కిటికీలున్న గదిలో పెట్టారు దాన్ని. ఉప్పుగాలికి లోపల తీగలు తుప్పుపట్టాయి, చెక్క ఉబ్బింది, చిన్న చిన్న ఉన్ని దిండ్లు చెమ్మ తాగి బరువెక్కాయి. హార్మోనియానికి ఉన్నట్టే దీనికీ తెల్లవీ నల్లవీ మెట్లుంటాయి. నాలుగైదు మెట్లు మామూలుగా నొక్కితే మోగేవి కావు, గుద్దాలి. ఒక మెట్టు మోగేది గానీ, దిగినది దిగినట్టే కూర్చునేది. అది సరిగ్గా పెట్టె మధ్యలో, కుడిచేతి బొటనవేలు మాటిమాటికీ తిరిగే చోట ఉంది. దాన్ని మళ్లీ మోగించాలంటే పక్కవేలి కొసను దాని అంచు కింద పెట్టి చటుక్కున పైకి ఎత్తాలి. చేరిన వారంలోనే నాకు ఆ పట్టు దొరికింది. మద్రాసు హాళ్లలో వాయించినవాడికి ఈ పాటి పెట్టె లొంగదా అనుకున్నాను.

హెడ్మిస్ట్రెస్ అమ్మగారు నెమ్మదైన మనిషి. చేరిన ఏడాదే అడిగింది, "మద్రాసు నుంచి బాగుచేసే మనిషిని పిలిపిద్దామా సార్? మిషన్ వాళ్లు ఖర్చు పెట్టుకుంటామని చెప్పినారు" అని.

"అవసరం లేదండీ. వాద్యం మీద నెపం పెట్టే విద్యార్థిని నేను తయారుచేయను" అన్నాను.

ఆ జవాబు ఆమెకు నచ్చింది, నాకు ఇంకా బాగా నచ్చింది. అసలు కారణం వేరే. మద్రాసులో ఆ పని చేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లలో పేరున్నవాడు నా కచేరీలన్నిటికీ ముందురోజు వచ్చి పియానో శ్రుతి చేసిపెట్టిన మనిషి. నేను నల్లకోటులో మెట్లెక్కుతుంటే తలుపు దగ్గర నిలబడి చూసినవాడు. అతను వచ్చి, పంచె కట్టుకుని ఈ డొక్కు పెట్టె ముందు కూర్చున్న నన్ను చూడటం నాకు ఇష్టం లేదు. ఇంతే. రెండేళ్ల తర్వాత ఆమె మళ్లీ అడిగింది. నేను మళ్లీ అదే జవాబు చెప్పాను. మూడోసారి ఆమె అడగలేదు.

ఇక బోధనా పద్ధతి. మొదటి మూడు నెలలు ఏ పిల్లా పెట్టెను ముట్టుకోకూడదు. బల్లమీద సుద్దముక్కతో మెట్లు గీసేవాణ్ణి, దానిమీద వేళ్లు ఆడించాలి. బోర్లించిన చేతిమీద చింతపిక్క పెట్టేవాణ్ణి, అది జారి పడకూడదు. పడితే మొదటినుంచీ. ఎడమచేతి పాఠం తప్పు లేకుండా వచ్చేదాకా కుడిచేయి ఒళ్లోనే ఉండాలి. నా చేతిలో ఎప్పుడూ పెన్సిలు ఉండేది, అది రాయడానికి మాత్రమే కాదని పిల్లలకు తెలుసు. బాగా వాయిస్తే ఏమీ అనేవాణ్ణి కాదు. బాగుందని చెబితే చెడిపోతారని నాకు మా దొరసాని చెప్పింది, ఆమెకు ఎవరు చెప్పారో. పిల్లలు మూడు నెలలు తిరక్కుండానే కుట్టుపని క్లాసుకు పారిపోయేవారు. మిగిలినవాళ్లే నా వాళ్లు అనేవాణ్ణి. ఏడాదికి ఇద్దరు మిగిలితే గొప్ప.

అలా మిగిలిన వాళ్లలో ఒకతె పులికాట్ సరస్సు పక్కన, తడ వైపు, చేపలు పట్టుకుని బతికే పల్లె నుంచి వచ్చింది. తల్లి పోతే, ఇంట్లో చూసేవాళ్లు లేక తండ్రి తెచ్చి హాస్టల్లో వదిలాడు. అప్పటికి పదేళ్లుంటాయి. హాస్టల్ పిల్లలకు పనులు పంచుతారు, ఒకరికి వరండా, ఒకరికి బావిగట్టు, ఇలా. ఆ పిల్లకు పియానో గది తుడిచే పని పడింది. ఒకరోజు నేను లోపలికి వచ్చేసరికి గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"సార్, ఇది వానకు అసలు లెయ్యదు, ఎండకు సగం లేస్తాది. ఇదుగో ఈ మూడు మటుకు ఎండకు గూడా పలకవు. రోజూ తుడస్తా చూస్తా ఉండా" అంది.

నేను ఏడాదిన్నరగా ఆ పెట్టె ముందు కూర్చుంటున్నాను. ఏ మెట్టుకు ఏ రోగమో ఆ పిల్ల చెప్పినంత సరిగ్గా నాకు తెలియదు. మర్నాడే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. చింతపిక్క ఒక్కసారి కూడా పడలేదు.

ఏడేళ్లు నేర్చుకుంది నా దగ్గర. ఆ ఏడేళ్లలో నేను సంతోషంగా ఉన్నానని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు. మద్రాసులో నాతోపాటు నేర్చుకున్న బారిస్టర్ల కూతుళ్లలో ఎవరికీ అలాంటి చెయ్యి లేదు. నాకూ లేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ కొంచెం కష్టంగానే ఉంది. గుద్దాల్సిన మెట్టు దగ్గర గుద్దు ఎంత బరువుండాలో అంతే వేసేది, వినేవాడికి అన్నీ ఒకే తీరుగా మోగినట్టుండేది. కూర్చుండిపోయే మెట్టును ఎత్తడం ఎంత వేగంగా చేసేదంటే, కళ్లు మూసుకుని వింటే ఆ పెట్టెలో లోపమే లేదనిపించేది. నేను కళ్లు మూసుకునే వినేవాణ్ణి.

కళ్లు తెరిచి చూసింది మా తెలుగు పండితుడు. నాకన్నా పదేళ్లు పెద్ద. విడవలూరు దగ్గర మాగాణి ఉన్న మనిషి, ఏటా కొత్త మొలగొలుకుల బియ్యం దంచగానే నాకు ఒక సంచి తెచ్చిచ్చేవాడు. నన్ను "దొరా" అనేవాడు. వెక్కిరింతా ప్రేమా రెండూ ఉండేవి అందులో. ఒకరోజు గుమ్మంలో నిలబడి పాఠమంతా విన్నాడు.

"దొరా, నాకు మీ సంగీతం తెలవదు. ఆ అమ్మి వాయిస్తా ఉంటే మాత్రం హాయిగా ఉండాది. ఒకటే సందేహం. మధ్యమధ్యన వేలితో ఏందో పెరికినట్టు చేస్తా ఉండాదే, ముల్లు తీసినట్టు? అది గూడా సంగీతమేనా?"

"ఆ మెట్టు లేవదండీ. ఎత్తుకుని వాయించాలి."

"మరి లేచే పెట్టె ముందర కూర్చోబెడితే ఏం చేస్తాది?"

"కష్టమైనది వచ్చినవాళ్లకు సులువైనది రాకుండా పోతుందా?" అన్నాను.

పండితుడు తల గోక్కున్నాడు. "ఏమో దొరా, మా నాయన జీవితమంతా కుడివైపు లాగే ఎద్దుతో దున్నినాడు. మంచి ఎద్దును కొనిచ్చినాక రెండేళ్లు నాగటి చాలు వంకరగానే పోయింది" అని వెళ్లిపోయాడు. నేను నవ్వాను. పియానోకూ ఎద్దుకూ పోలికా అని ఆ సాయంత్రమంతా నాలో నేను చిరాకు పడ్డాను.

ఆ పిల్లకు పదిహేడో ఏడు నడుస్తుండగా మద్రాసు నుంచి ఒక ప్రకటన వచ్చింది. అక్కడి ఆడపిల్లల ట్రైనింగ్ కాలేజీ ఒకటి, సంగీతం టీచర్ల శిక్షణకు జిల్లాల నుంచి ఒక పిల్లను తీసుకుంటుంది. రెండేళ్లు చదువు, ఉండటానికి చోటు, తిండి, ఆ తర్వాత ఏదో ఒక స్కూల్లో ఉద్యోగం. పరీక్ష చేసే దొర ఒకాయన బయటినుంచి వస్తాడు, ఆయన ముందు పియానో వాయించాలి. మా స్కూలు హాస్టల్లో ఆ పిల్ల ఉండగలిగేది ఆ ఏడాది వరకే. హెడ్మిస్ట్రెస్ అమ్మగారు తండ్రిని పిలిపించింది. మోకాళ్ల మీదికి పంచె, భుజాన తువ్వాలు, చేతులు ఉప్పునీళ్లకు పగిలిపోయి ఉన్నాయి. బెంచీమీద కూర్చోమంటే కూర్చోలేదు.

"అయ్యోరా, సీటు వస్తే మద్రాసు పంపిస్తా. మావోళ్లు ఎవురేమన్నా సరే పంపిస్తా. రాకపోతే మటుకు తీసకపోతా. ఇంట్లో ఆడదిక్కు లేదు. నేనూ మా తమ్ముడూ పడవ మీద పోతే ఎండుచేపల పని చూసేవోళ్లు లేరు. బిడ్డ మీ చేతుల్లో ఉండాది" అన్నాడు.

"సీటు వచ్చినట్టే అనుకో" అన్నాను నేను. గుమ్మం పక్కన నిలబడి ఆ పిల్ల ఆ మాట విన్నది.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నానికి మద్రాసు చేరాం. నేను, ఆ పిల్ల, తోడుగా హాస్టల్ మేట్రన్. మిషన్ వాళ్ల సత్రంలో దిగాం. బయల్దేరేముందు పండితుడు బస్సు దగ్గరికి వచ్చి నా చెవిలో చెప్పాడు: "దొరా, నా ఎద్దు మాట మర్చిపోయినా పర్లేదు. ఆ ఊళ్లో నీకు తెలిసినోళ్లు ఉంటారు గదా, ఒక్క పూట మంచి పెట్టె ముందర కూర్చోబెట్టు." ఆ మాట నా మనసులో పడకపోలేదు. సాయంత్రం నాలుగు గంటలకు ఇద్దరినీ వెంటబెట్టుకుని మౌంట్ రోడ్డుకు వెళ్లాను. పియానోలు అమ్మే దుకాణం ఒకటి ఉండేది అక్కడ. లోపల ఆరేడు పియానోలు వరసగా, నల్లగా మెరుస్తూ ఉన్నాయి. అడిగితే గంటసేపు వాయించుకోనిస్తారు. ఆ దుకాణంవాళ్లకు నేను బాగా తెలుసు.

అద్దం అవతల, కుర్చీలో, నేను చెప్పిన ఆ శ్రుతిచేసే మనిషి కూర్చుని ఉన్నాడు. బట్టతల వచ్చింది, అయినా అతనే.

నేను ఆగిపోయాను. నా చొక్కా కాలర్ మాసి ఉంది, రైలు బొగ్గు మరకలు. చేతిలో గుడ్డసంచి. పక్కన చెప్పులు లేని పిల్ల. ఏమని పరిచయం చేసుకోవాలి? అతను లేచి వచ్చి "ఎక్కడుంటున్నారు సార్ ఇప్పుడు?" అంటే ఏం చెప్పాలి?

ఆ పిల్ల అద్దానికి దగ్గరగా నిలబడి చూస్తోంది. "సార్, లోపలికి పోదామా? ఒక్కసారి ముట్టుకోని వస్తా" అంది. ఏడేళ్లలో నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

"ఇప్పుడు కొత్త పెట్టె ముట్టుకుంటే రేపటికి చెయ్యి తికమక పడుతుంది. పద. సత్రంలో బల్ల ఉంది, దానిమీద సాధన చెయ్యి" అన్నాను.

పాఠంలాగే చెప్పాను. ఆ పిల్ల పాఠంలాగే విని వచ్చేసింది. సత్రంలో భోజనాల బల్లమీద రెండు గంటలు వేళ్లు ఆడించింది. నేను ఎదురుగా కూర్చుని లెక్క పెట్టాను. బల్ల ఏ తప్పూ చెప్పదు కదా.

మర్నాడు పదిగంటలకు పరీక్ష. పియానో ఉన్న హాల్లోకి ఆ పిల్ల ఒక్కతే వెళ్లాలి. మేం బయట వరండాలో. తలుపు ఓరగా వేసి ఉంది. మొదటి వరసలోనే, మా పెట్టెలో గుద్దాల్సిన చోట, పెళ్లున మోగింది. లోపల ఎవరో కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది. రెండో గుద్దు. ఆ వెంటనే గోరు చెక్కకు గీసుకున్నట్టు కరకరమని, దాని వెనకే పక్క మెట్టు తప్పుగా మోగింది. లేచి ఉన్న మెట్టును ఎత్తబోతే వేలు పట్టు దొరక్క జారి పక్కదాని మీద పడుతోంది. ఏం జరుగుతోందో నాకు మూడో మోతకే తెలిసిపోయింది. నేను ఏడేళ్లు నేర్పింది, ఒక్కటీ మరిచిపోకుండా, ఉన్నదంతా వాయిస్తోంది.

దొర నెమ్మదిగా ఏదో చెప్పాడు. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎత్తకుండా ఉండాలని చూసింది. వేలిని ఆపుకోవడానికి ఆగాల్సి వచ్చింది, ఆగినచోటల్లా కాలం తప్పింది. కాలం అందుకోవడానికి పరుగెత్తితే మళ్లీ గుద్దు పడింది. మేట్రన్ నా మొహం వైపు చూసింది. నేను గోడవైపు చూశాను. చివరిదాకా వాయించింది. మధ్యలో లేచి వచ్చేస్తుందేమో అనుకున్నాను, లేవలేదు.

బయటికి వచ్చాక కుడిచేతి చూపుడువేలు గోటి దగ్గర రక్తం కనిపించింది. ఓణీ చెంగుతో అదిమి పట్టుకుంది.

"సార్, ఆ పెట్టెలో అన్నీ వాటంతటవే పైకి వచ్చేస్తుండాయి. అట్టా వస్తాయని నాకు తెలవదు సార్" అంది.

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. అది మేట్రన్ ముందు, ఆ కాలేజీ వరండాలో, నా నోట రాలేదు.

"భయపడ్డావు" అన్నాను.

"భయపడలా సార్."

"భయపడ్డావు. నేను విన్నాను గదా."

నా మొహంలోకి చూసింది. సెంట్రల్ స్టేషన్లో నేను కొనిచ్చిన అరటిపండ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, రైలు గూడూరు చేరేదాకా ఒక్కటీ ఒలవలేదు.

సీటు వేరే జిల్లా పిల్లకు వచ్చింది. హెడ్మిస్ట్రెస్ అమ్మగారు బాధపడింది. "తండ్రికి మనం ఒక మాట రాయాల సార్. ఎందుకు రాలేదో మీరే రాయండి, స్కూలు ముద్ర వేసి పంపిస్తా" అంది. పండితుడు ఆ గదిలోనే పుస్తకాల మీద అట్టలు వేస్తూ తల ఎత్తకుండా ఉన్నాడు. నేను రాశాను. మీ కుమార్తెకు కావలసిన శిక్షణ అంతా ఇవ్వబడింది, కానీ సాధనలో అశ్రద్ధ చూపడం వల్ల, పరీక్ష సమయంలో బెదరడం వల్ల ఎంపిక కాలేదు అని రాశాను. మూడు వరసలు, అందమైన దస్తూరి. కింద సంతకం, దానిమీద గుండ్రటి ముద్ర.

అశ్రద్ధ అనే మాట రాసేటప్పుడు చెయ్యి ఆగిందని చెప్పుకోవాలని ఉంది. ఆగలేదు.

పండితుడు ఆ మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "ఏం రాసినావు దొరా?" అని అడిగాడు. చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. ఆ ఏడాది నుంచి మొలగొలుకుల సంచి రాలేదు, "దొరా" అనే పిలుపూ ఆగిపోయింది. పేరు పెట్టి, గారు చేర్చి పిలవడం మొదలుపెట్టాడు. ఆయన రిటైరై వెళ్లేదాకా అంతే.

రెండు వారాల తర్వాత తండ్రి వచ్చాడు కూతుర్ని తీసుకెళ్లడానికి. నేను గదిలోంచి బయటికి రాకుండా కూర్చున్నాను. ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. ఆకులో చుట్టిన ఎండురొయ్యల మూట బల్లమీద పెట్టి, "మా బిడ్డకు ఇంత చదువు చెప్పినారు అయ్యోరా" అని దండం పెట్టాడు. ఉత్తరం చేరిందా అని అడిగాను. చేరింది, జాగ్రత్త చేసినా అన్నాడు. అంతా తెలిసి కూడా నన్ను గౌరవిస్తున్నాడంటే పెద్దమనసున్నవాడే అనుకున్నాను. మూట తీసుకున్నాను. ఆ పిల్ల రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని తండ్రి వెనక నడిచింది.

నాలుగైదేళ్లు గడిచాయి. అమ్మగారు రిటైరైంది. కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ నన్ను అడగలేదు, నేరుగా మద్రాసుకు ఉత్తరం రాసి మనిషిని పిలిపించింది. వచ్చింది అతనే. పెట్టె ముందు పలక ఊడదీశాడు. లేవని మెట్టును బయటికి లాగి, ఉబ్బిన చెక్కను ఉప్పుకాగితంతో రుద్దాడు, ఎండలో పెట్టాడు, ఉన్ని దిండ్లు మార్చాడు. పొద్దున వచ్చినవాడు మధ్యాహ్నం భోజనానికి చేతులు కడుక్కున్నాడు. అంతే పని. ఒక్క పూట. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నావైపు తిరిగి, "ఈ స్కూల్లో సంగీతం మాస్టారు ఎవరండీ? ఇన్నేళ్లు దీన్ని ఇలా ఎలా వదిలేశాడు?" అని అడిగాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఏ మనిషి చూపుకు భయపడి నేను ఇదంతా చేశానో, ఆ మనిషికి నా మొహమే గుర్తులేదు.

అతను వెళ్లాక కూర్చుని ఆ మెట్టు నొక్కాను. దిగింది, లేచింది. మళ్లీ నొక్కాను. ఆ ఆదివారం సూళ్లూరుపేట బస్సెక్కి, అక్కడినుంచి ఇంకో బస్సు పట్టుకుని ఆ పల్లెకు వెళ్లాను.

ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఊరందరికీ ఉత్తరాలు చదివిపెట్టేది, అర్జీలు రాసిపెట్టేది ఆమేనట, అడగ్గానే చూపించారు. ఇరవై రెండేళ్ల మనిషి ఇప్పుడు. ఎండబెట్టిన చేపలను తిరగేస్తున్నదల్లా నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చి చాప వేసింది. మజ్జిగ ఇచ్చింది. తన తమ్ముళ్లు ఎదిగి పడవ మీద పోతున్నారని చెప్పింది.

దారంతా వల్లెవేసుకున్న మాట చెప్పాను. "ఆనాటి తప్పు నీది కాదమ్మా. నాది."

"తెలుసు సార్" అంది.

"అప్పుడే ఎందుకు అనలేదు? అమ్మగారితో చెప్పాల్సింది. మీ నాయనతో అయినా చెప్పాల్సింది."

"ఇంటికి వచ్చిన రోజే చెప్దామనుకున్నా. మా నాయన మీ కాయితం తీసి నా చేతికిచ్చినాడు. రెండు వారాలు మడత విప్పకుండా పెట్టుకోని ఉండాడు సార్. బిడ్డ సంగతి ఇంకొకరి చేత చదివించుకునేదేంది, బిడ్డ వస్తే బిడ్డే చదువుతాదని."

"నువ్వే చదివావా?"

"నేనే చదివినా. రాసింది రాసినట్టే చదివినా. నాయన నమ్మలా. ఇంకోసారి చదవమన్నాడు. ఇంకోసారి గూడా చదివినా. ఆ తర్వాత నేను చెప్పేదానికి ఏముంది సార్?"

అప్పుడే తండ్రి వచ్చాడు సరస్సు వైపునుంచి. నన్ను చూసి భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "అయ్యోరా, మీరా! ఇంత దూరం వచ్చినారా! మా బిడ్డ అశ్రద్ధ చేసి మీ పేరు చెడగొట్టింది, మనసులో పెట్టుకోబాకండి" అన్నాడు. ఆమె ఎదురుగానే అన్నాడు. ఆమె తల వంచుకుని మజ్జిగ గ్లాసు తీస్తోంది.

లేచి నిలబడ్డాను. ఎవరికి చెప్పాల్సిన మాటో అప్పుడు అర్థమైంది. "అది అబద్ధం. నీ బిడ్డ ఏ అశ్రద్ధా చెయ్యలేదు. నేను తప్పు నేర్పాను. నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి అలా రాశాను" అన్నాను. నా జీవితంలో అంత విడమరిచి ఏ పాఠమూ చెప్పలేదు.

ఆయన నవ్వాడు, చిన్నపిల్లవాడి మాట విన్నట్టు. "మీరు మంచోళ్లు గనక అట్టా చెప్తుండారు. గురువు తప్పు నేర్పేదేంది? కాయితంలో ఉండాది గదా అయ్యోరా, ముద్ర గూడా ఉండాది."

"ఆ కాయితం ఇటివ్వు. దాన్ని చించేసి, నిజం ఇంకో కాయితం మీద రాసిస్తాను. అదే ముద్ర వేయించి పంపిస్తాను."

ఆయన లోపలికి వెళ్లి రేకుపెట్టెలోంచి దాన్ని తెచ్చాడు. నూనెగుడ్డలో చుట్టి ఉంది, చెమ్మ తగలకుండా. నా దస్తూరి నిన్న రాసినట్టుంది. చెయ్యి చాచాను. ఆయన ఇవ్వలేదు.

"దీన్ని మటుకు అడక్కండి అయ్యోరా. మా బిడ్డ పెద్ద స్కూల్లో చదువుకున్నదని మాకుండే గురుతు ఇదొకటే. వచ్చినోళ్లకందరికీ చూపిస్తా ఉంటా" అన్నాడు.

"ఏమని ఉందో వాళ్లు చదవరా?"

"ఈ ఊళ్లో చదవొచ్చినోళ్లు ఎవురుండారు అయ్యోరా, మా బిడ్డ తప్ప? వచ్చినోళ్లకు అదే చదివి వినిపిస్తా ఉంటాది."